గుడ్డపీలిక కట్టిన తీగ

మా అవ్వ అబద్ధాలు చెబుతుందని నా చేత బడి మొత్తం ముందర చదివించారు. ఆమె చెప్పింది నిజం.

ఇంతే సంగతి. మొదటి వాక్యం చదవడానికి నాకు నిమిషం పట్టింది. రెండో వాక్యాన్ని ఆ బడికి సంబంధించిన మనిషి ఒక్కరైనా ఒప్పుకుంటారేమోనని ఒక జీవితమంతా కాచుకొని ఉన్నాను. లోకంలో భూములు పోయినవాళ్ళున్నారు, కొంపలు కూలినవాళ్ళున్నారు, వాళ్ళ మధ్యన ఇదొక అన్యాయమా అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నేనేమీ కొండంత అన్యాయమని అనడం లేదు. కాకరకాయంత అన్యాయం. సరిగ్గా చెప్పాలంటే ఆకాకరకాయంత. అయితే ఆకాకరకాయకు ఒళ్ళంతా ముళ్ళుంటాయని తిన్నవాళ్ళకు తెలియకపోయినా, కోసినవాళ్ళకు తెలుసు.

పోయిన వానల్లో మస్తాన్ మా ఇంటికి వచ్చాడు. మస్తాన్ నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఇంట పుట్టి, ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాడు. కంటిలో వేసుకునే మందు కోసం నెలకోసారి ఆత్మకూరు వస్తాడు, వచ్చినప్పుడల్లా మా అరుగు మీద కూర్చుని నా కాఫీ తాగి నన్నే తిట్టిపోతాడు. ఆ రోజు మాత్రం తిట్టలేదు. జేబులోంచి నాలుగు మడతల రంగుకాగితం తీసి నా ఒళ్ళో పడేశాడు.

"ఒరే పెంచలయ్యా, కళ్ళజోడు పెట్టుకో. నీ కేసు గెలిచినావు."

"ఏం కేసురా? నేనెప్పుడు కోర్టుకు పోయినాను?"

"మీ అవ్వ కేసురా. మా బస్టాండుకాడ నర్సరీ వ్యాన్ వచ్చింది. నారు కొనకపోయినా కాయితం మటుకు ఇచ్చినాడు. చదువు."

చదివాను. 'అధిక దిగుబడినిచ్చే ఆకాకర దుంపలు' అని పైన పెద్ద అక్షరాలు. కింద సూచనలు. వాటిలో నాలుగోది ఇది: 'ప్రతి పది ఆడ తీగలకు ఒక మగ తీగ తప్పనిసరిగా ఉండవలెను. కాపు లేదని మగ తీగను పీకివేయరాదు.' ఆ కాగితంలో అచ్చుతప్పులు ఏడు ఉన్నాయి, లెక్కపెట్టాను. అది నా పాత జబ్బు. ఆ నాలుగో సూచనలో మాత్రం ఒక్క తప్పూ లేదు.

"ఇదే మాటకు గదరా నాకు దెబ్బలు పడినాయి," అన్నాడు మస్తాన్ అరచెయ్యి చూసుకుంటూ. "ఇప్పుడు వ్యాన్‌లో పెట్టుకొని ఊరూరా తిప్పి చెప్తా ఉండారు. మైకు గూడా ఉండాది."

మా ఇల్లు ఉదయగిరి కొండ కింద. ఇల్లంటే ఒక పూరి కొట్టం, దాని ముందర ఒక పందిరి. నాయనా అమ్మా పొద్దున్నే పనికిపోతే పొద్దుగూకేదాకా రారు. ఇల్లంతా అవ్వ చేతికింద నడిచేది. ఆమె చేతులకు మోచేతుల దాకా పచ్చబొట్లు ఉండేవి, ముసలితనానికి చర్మం ముడతలు పడి పచ్చబొట్టులోని తేళ్ళు కూడా ముడుచుకొని పడుకున్నట్టు కనబడేవి. రొండిన ముక్కుపొడి డబ్బా. దాని వాసన, పొయ్యి మీద కుతకుతమనే రాగి సంగటి వాసన, గోడకు ఆనించిన చెనక్కాయల మూట వాసన, ఈ మూడూ కలిస్తే అవ్వ. కళ్ళు మూసుకొని కూడా ఆమె ఇంట్లో ఉందో లేదో చెప్పేవాణ్ణి. నేను ఈ వయసుకు ఎన్నో రకాల వాసనలు చూశాను, సీసం వాసన, సిరా వాసన, ఆస్పత్రి వాసన. వాటిలో ఏదీ 'నేనిక్కడ ఉండానులే' అని చెప్పింది లేదు.

తాత పోయాక అవ్వ తెల్లచీరలోకి మారింది. ఊళ్ళో పెళ్ళి జరిగితే పిండి దంచడానికి ముందుగా పిలిచేది అవ్వనే. తాళి కట్టే వేళకు మాత్రం ఆమె పందిట్లో ఉండేది కాదు, వెనకాల గాడిపొయ్యి దగ్గర ఉండేది. పొమ్మని ఎవరూ అనేవాళ్ళు కాదు. అనకముందే ఆమే పోయేది. ఆ మర్యాద ఊరికి బాగా నచ్చేది. ఆ ఊరికి తెలియని సంగతి ఒకటుంది. వానలు పట్టినప్పటి నుంచి మూడు నెలల పాటు మా అవ్వ రోజుకు పది, పన్నెండు పెళ్ళిళ్ళు తన చేతుల మీదుగా చేసేది.

ఆకాకర పువ్వు దీపాలవేళకు విచ్చుకుంటుంది. పసుపుపచ్చని చిన్న పువ్వు, ఒక రకమైన తియ్యని వాసన. అవ్వ అప్పటికి గిన్నెలు కడిగేసి, చేతులు రెండుసార్లు పిడకబూడిదతో తోముకొని వచ్చేది. "ముక్కుపొడి చెయ్యి తగిలితే పూలు తుమ్ముతాయిరా" అనేది. పందిరి చివరన తెల్లచీర పీలిక కట్టి ఉన్న తీగ దగ్గరకు పోయి ఒక పువ్వు తుంచేది, దాని రేకులు వెనక్కి వంచేది, ఆ పువ్వును తీసుకొచ్చి మిగతా తీగల మీది పూల నడిమధ్యన మెత్తగా అద్దేది. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు ఎంత వయసో చెప్పలేను, కానీ మాటలన్నీ ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"ఏందవ్వా చేస్తా ఉండావు?"

"పెళ్ళి చేస్తా ఉండాను. కనపడలా?"

"ఎవురికి?"

"ఈ పిల్లకి. చూడు, పువ్వు కిందనే పిందె ఉండాది, అప్పుడే ముళ్ళు గూడా మొలిచినాయి. అంటే ఆడది. పెళ్ళి గాకపోతే రెండురోజుల్లో పచ్చగా పండి రాలిపోతాది. వీడు మొగుడు. వీడి కింద పిందె లేదు, ఉత్త కాడ. నడిమధ్యన ఇంత పొడి ఉండాది, అంతే. మగోళ్ళకి ఉండేది అదే గదా, ఇంత పొడీ, బోలెడు బడాయీ."

"ఒక్క మొగుడు ఇంతమందికా?"

"ఎనిమిదిమంది దాకా సరిపోతాడు. ఊళ్ళో ఎవురితోనూ అనబాక."

"మరి కొండమీద తీగలకు ఎవురు చేస్తారవ్వా పెళ్ళి?"

"రెక్కలపురుగులు చేస్తాయి. మసక పడంగానే వాసనకి వస్తాయి. మన పందిరి దాకా ఒకటి వస్తే వస్తాది, లేకపోతే లేదు. అందుకే నేను పురుగైనాను."

కాయ ఒక పక్క బొద్దుగా, ఒక పక్క ఎండిపోయి వంకరగా పెరిగితే, అవ్వ దాన్ని నా ముందు పెట్టి నిలదీసేది. "ఇది నువ్వు అద్దిన పువ్వే గదా? ఒక పక్కన అద్ది ఒక పక్కన వదిలేసినావు. సగం పెళ్ళి చేసినావురా." ఆ కాయను కోసి చూపించేది. బొద్దుగా ఉన్న పక్కన గింజలు, ఎండిన పక్కన ఉత్త పొట్టు. పువ్వులో ఎన్ని గింజలు కట్టాలో అన్ని పొడిరేణువులు చేరాలనీ, ఒక్కో రేణువు ఒక్కో గింజను పలకరించి రావాలనీ నాకు ఆ వంకరకాయ నేర్పింది. ఇంత విప్పి చెప్పిన మాస్టరు నాకు ఆ తరువాత దొరకలేదు.

ఇక మా బడి. సైన్సు చెప్పడానికి ఆత్మకూరు నుంచి కొత్త అయ్యవారు వచ్చాడు. పేరు రాయను. రాస్తే ఆయన బంధువులు నొచ్చుకుంటారని కాదు, ఆయన పేరు ఎన్ని శుభలేఖల మీద నేనే అచ్చువేశానో లెక్క తేలి నాకే నవ్వు వస్తుంది. మీసాలు అప్పుడే గట్టిపడుతున్న వయసు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. ఒకటి రాయడానికి, ఒకటి ఉండటానికి. వచ్చీరాగానే బడితోట పెట్టించాడు. ఎవరింట్లో ఏ విత్తనం ఉంటే అది తెమ్మన్నాడు. మస్తాన్ బీరగింజలు తెచ్చాడు. మా అవ్వ పది ఆకాకర దుంపలు గంపలో పెట్టి, వాటిలో రెండిటికి తన చీర అంచు చించి పీలికలు కట్టింది.

"గుడ్డపీలిక కట్టినవి మొగుడు తీగలు. కాయలు కాయలేదని పీకబాకండని చెప్పు మీ అయివోరికి. రోజూ దీపాలవేళకు నువ్వు పోయి అద్దిరా."

చెప్పాను. అయ్యవారు "సరే సరే" అన్నాడు. పెద్దవాళ్ళు సరే సరే అని రెండుసార్లు అన్నారంటే ఒక్కసారి కూడా వినలేదని అర్థమని నాకు అప్పటికి తెలియదు. మేకలను తోలుకొచ్చే వేళకు రోజూ బడితోటకు పోయి అద్ది వచ్చేవాణ్ణి. కాయలు విరగకాశాయి. హెడ్మాస్టరు ఇంటికి ఒక సంచి, అయ్యవారి గదికి ఒక సంచి. వేపుడు వాసన బడి దాకా వచ్చేది. ఎందుకు కాస్తున్నాయని ఎవరూ అడగలేదు. కాసేటప్పుడు ఎవరూ అడగరు.

తనిఖీకి ఇన్స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. అయ్యవారు తోటంతా తిరిగి చూశాడు. రెండు తీగలకు ఒక్క కాయా లేదు. నీళ్ళు తాగుతున్నాయి, పందిరి ఆక్రమించాయి, పైగా చిరిగిన పీలికలు వేలాడుతూ అసహ్యంగా ఉన్నాయి.

"ఈ గొడ్డు తీగలు పీకి పారెయ్యండిరా. కూర్చుని తినేవాళ్ళు మన తోటలో వద్దు."

"అవి మొగుడు తీగలు అయివోరా. అవి పీకితే మిగతావి గూడా కాయవు," అన్నాను.

తరగతి గొల్లుమంది. మొగుడనే మాటకు ఆ వయసు పిల్లలు నవ్వుతారు, అది సహజం. అయ్యవారు కూడా నవ్వాడు. అది మాత్రం నేను మరిచిపోలేదు. బల్ల మీద ఒక మందారపువ్వు పెట్టి, బ్లేడుతో నిలువునా చీల్చి, మధ్యలో కాడ చూపించాడు.

"ఇవి కేసరాలు. ఇది కీలం. మగ భాగం, ఆడ భాగం, రెండూ ఒకే పువ్వులో ఉన్నాయి. పుస్తకంలో కూడా ఇదే బొమ్మ ఉంది. వేరువేరు తీగలు, మొగుళ్ళు, పెళ్ళాలు, ఇదంతా నీకు ఎవరు చెప్పారు?"

"మా అవ్వ చెప్పినాది."

"మీ అవ్వ ఏం చదివింది?"

నిజం చెప్పాను. "ఏం చదవలేదు అయివోరా. మందారం ఆమెకు గూడా తెలుసు. మందారం వేరే, ఇది వేరే."

గునపం నా చేతికే ఇచ్చాడు. రెండు తీగలూ దుంపలతో సహా నేనే తవ్వి పారేశాను. గుడ్డపీలికలు మాత్రం విప్పి జేబులో పెట్టుకున్నాను. ఆ జేబు ఆ రోజంతా బరువుగా ఉండింది.

అప్పటికే కట్టిన కాయలు నాలుగు రోజులు ముద్దుగా ఉన్నాయి. తరువాత విచ్చిన ప్రతి పువ్వు కిందా పిందె పసుపుపచ్చగా మారడం మొదలైంది. ఇన్స్పెక్టరు వచ్చేనాటికి పందిరి కింద పసుపు చల్లినట్టు పిందెలు రాలి ఉన్నాయి. ఆయన ఒకదాన్ని బూటుతో అటూఇటూ దొర్లించి, "తోట అని రాశారు, తోట ఎక్కడ?" అని అడిగి జీపెక్కి పోయాడు. మరుసటిరోజు ప్రార్థన కాగానే అయ్యవారు నన్ను ముందుకు పిలిచాడు.

"ఏం పోశావురా వాటి మొదట్లో? ఉప్పునీళ్ళా?"

"ఏం పొయ్యలేదు అయివోరా. మొగుడు తీగలు పీకితే రాలిపోతాయని మా అవ్వ ముందే చెప్పినాది."

"ముందే చెప్పిందా!" అన్నాడు. ఆయన ముఖం వెలిగింది. "రాలిపోతాయని ముందే చెప్పిందంటే ఏమిటి అర్థం? ఆమే ఏదో చేయించింది. ఆ గుడ్డపీలికలు ఎందుకు కట్టింది? అవి ఏం పీలికలు? చేతబడా?"

సైన్సు అయ్యవారండీ. జేబులో రెండు కలాలున్న మనిషి. పువ్వును బ్లేడుతో కోసి కీలం చూపించిన మనిషి. పాతచీర అంచు చూసి చేతబడి అన్నాడు. మస్తాన్ లేచి "పెంచలయ్య ఏం చెయ్యలేదు అయివోరా, రోజూ సాయంత్రం పూలు అద్దేది నేను చూసినాను" అన్నాడు. అరచేతి మీద రెండు బెత్తం దెబ్బలు తిని కూర్చున్నాడు. అయ్యవారు ఒక కాగితం మీద తనే స్వయంగా, గుండ్రని దస్తూరితో రాసి నా చేతికిచ్చాడు. అందులో ఇలా ఉంది: 'మా అవ్వ చెప్పినది అబద్ధము. పూలలో ఆడ మగ వేరుగా ఉండవు. నేను మూఢనమ్మకములను ప్రచారము చేసితిని. క్షమింపవలెను.' ఒకే మనిషి ఒకే ప్రార్థనలో చేతబడి అనీ అన్నాడు, మూఢనమ్మకం అనీ అన్నాడు. రెండు కలాలు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

చదివాను. ఇక్కడ నా తప్పు కూడా రాయాలి, లేకపోతే నేను కూడా సగం పెళ్ళి చేసినవాణ్ణి అవుతాను. నేను ఏడుస్తూ చదవలేదు. గొణుగుతూ చదవలేదు. అయ్యవారి దస్తూరి చాలా బాగుండింది, ఒక్క చోట కూడా తడబడలేదు, గట్టిగా, స్పష్టంగా, చివరి వరస దాకా చదివేశాను. బడిలో నేను తప్పులేకుండా చదివిన కాగితం అదొక్కటే. చదివాక ఒక్క క్షణం, బాగా చదివానని సంతోషం కూడా వేసింది. అయ్యవారినైనా క్షమించగలనేమో గానీ, ఆ క్షణానికి నన్ను నేను క్షమించుకోలేకపోయాను.

ఇంటికి పోయేసరికి అవ్వకు తెలిసిపోయింది. మస్తాన్ వాళ్ళ అమ్మ చెప్పి పోయిందట. అవ్వ పొయ్యి ముందర కూర్చుని సంగటి కెలుకుతూ ఉంది. తల ఎత్తలేదు.

"గట్టిగా చదివినావా?"

"చదివినా."

"తప్పులు లేకుండా?"

"లేకుండా."

"సరేలే. చదువొచ్చింది గదా. సంగటి తిను."

తిన్నాను. దీపాలవేళకు ఆమె చేతులు తోముకుంది. రోజూ "పెంచలా, రారా, పెళ్ళివారు కాచుకోనుండారు" అని కేకేసేది. ఆ రోజు కేకెయ్యలేదు. ఒక్కతే పందిరికిందికి పోయి అద్దుకొని వచ్చింది. నన్ను తిట్టలేదు, కొట్టలేదు, ఎవరితోనూ ఆ సంగతి ఎత్తలేదు. పిలవలేదు, అంతే. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. నేను బడి మానేసిన ఏడాదికి ఆమె చనిపోయింది. గుడ్డపీలికలు తిరిగి ఇవ్వాలని జేబులోనే పెట్టుకొని తిరిగాను, ఎప్పుడో చొక్కాతో పాటు ఉతుకులో పోయాయి.

బడితోట సంగతి కూడా చెప్పాలి. దుంప భూమిలో ఉంటే మళ్ళీ వానలకు తీగ లేస్తుంది. ఎనిమిది ఆడ తీగలు లేచి పందిరంతా పూసి ఒక్క కాయ కాయలేదట. గొడ్డు నేల అని తేల్చి, అవి పీకించి, అక్కడ కాగితంపూల చెట్టు పెట్టారు. అది విత్తు కట్టదు, కాయ కాయదు, కొమ్మ గుచ్చితే వస్తుంది. రంగు మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. ఆ బడికి సరిపోయిన చెట్టు దొరికింది. ఇప్పటికీ గోడ దాటి వేలాడుతూ బస్సులోంచి కనబడుతుంది.

నేను ఆత్మకూరు వచ్చి ఒక ప్రెస్సులో చేరాను. సీసపు అక్షరాలు ఒక్కొక్కటి ఏరి వరసలు పేర్చే పని. అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. నా చదువంతా అలా తలకిందులుగానే వచ్చింది. పగలు పెళ్ళి శుభలేఖలు, మధ్యమధ్యలో బళ్ళకు పరీక్ష పేపర్లు. ఒకరోజు ఒక ప్రశ్నపత్రం పేరుస్తూ ఉంటే వేళ్ళకింద ఈ ప్రశ్న వచ్చింది: 'ఏకలింగ పుష్పములు అనగానేమి? ఆడ, మగ పుష్పములు వేరువేరు మొక్కలపై నుండు దానికి ఒక ఉదాహరణమిమ్ము.' రెండు మార్కులు. చేతిలో ఉన్న అక్షరాలు కిందపడ్డాయి. ఏరుకోవడానికి గంట పట్టింది. యజమాని తిట్టాడు, పడ్డాను. నన్ను బడి ముందర నిలబెట్టిన మాట బడివాళ్ళకు ముందునుంచీ తెలుసునన్నమాట. తెలిసి, దానికి రెండు మార్కులు కట్టిపెట్టుకున్నారు. ఆ తరువాత దొరికిన పుస్తకమల్లా చదివాను. అవ్వ పొడి అన్నది పరాగరేణువట, పిందె అన్నది అండాశయమట, నడిమధ్య అన్నది కీలాగ్రమట. అక్కడ పడ్డ రేణువు సన్నని గొట్టంగా మొలిచి, లోపలికి దిగి, గింజ కావలసిన దాన్ని చేరుతుందట. మొగుడు తీగ, పెళ్ళాం తీగ వేరుగా ఉంటే ఏకలింగాశ్రయి అనాలట. ఇంతమాట నోరు తిరిగితే చాలు, తీగ దానంతటదే కాస్తుందని వాళ్ళ ఉద్దేశం కాబోలు. మా అవ్వ మాటల్లో లేనిది ఈ పుస్తకాలలో ఒక్కటి కూడా దొరకలేదు, పేర్లు తప్ప.

ఇప్పుడు చూడండి. కలువాయి వైపు పోతే వలలు కట్టిన షెడ్లలో ఆడవాళ్ళు వరసలుగా నిలబడి పూలు అద్దుతున్నారు. ఏం పనమ్మా అంటే "క్రాసింగు పనికి వస్తా ఉండాం" అంటారు. మీద ఒక సూపర్‌వైజరు, వాడి మెడలో ఒక కార్డు. చేతులు సబ్బుతో కడుక్కొని రావాలని గోడమీద బోర్డు. ముక్కుపొడి మాట మాత్రం రాయలేదు. అనంతసాగరంలో ఒక రైతు నాకు ఫోన్‌లో వీడియో చూపించి, "ఇది కొత్త టెక్నాలజీ పెద్దాయనా, మగపువ్వుతో ఆడపువ్వుకు అద్దాల" అని నాకే నేర్పబోయాడు. "ఎవరు కనిపెట్టినారబ్బా?" అన్నాను. "ఎవురో సైంటిస్టులు" అన్నాడు. సరేనన్నాను. అవ్వను సైంటిస్టని ఒప్పుకున్నది అతనొక్కడే, అదీ తెలియక. ఆ రోజుల్లో చెప్పేవాళ్ళుండేవారు, నమ్మేవాళ్ళు లేరు. ఈ రోజుల్లో ఏది చెప్పినా నమ్ముతారు, బొమ్మ కదిలితే చాలు. కొండవైపు లైట్లు వచ్చాక రెక్కలపురుగులు ఆ స్తంభాల చుట్టూ తిరిగి చస్తున్నాయి. పూల దగ్గరకు పోయే తీరిక వాటికీ లేదు.

అయ్యవారు ఎక్కడెక్కడో పనిచేసి రిటైరై ఆత్మకూరులోనే ఇల్లు కట్టుకున్నాడు. మా ఇంటికి రెండు వీధుల అవతల. కూతురి పెళ్ళి శుభలేఖ మా ప్రెస్సులోనే వేయించాడు. నా ఎదురుగా నిలబడి, ప్రూఫు దిద్ది, నా ముఖం చూడకుండా పోయాడు. గుర్తుపట్టలేదనుకున్నాను.

మస్తాన్ తెచ్చిన కాగితం చూశాక ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. "రెండు వీధులు గదరా, పోయి అడగరాదా?" అన్నాడు మస్తాన్.

"మాటయితే గాలికి పోతాదిరా. ఆయన నా చేత కాయితం చదివించినాడు. నాకు కాయితం మీదనే జవాబు కావాల."

"ఆయనకు ఎనభై దాటినాయి. నీకు జవాబు వచ్చేలోపల ఇద్దరిలో ఎవురో ఒకరు పోతారు."

"పోతే పోనీ. పోస్టుమ్యాన్ ఉంటాడు గదా."

మొదటి ఉత్తరం పదకొండు పేజీలు. జరిగిందంతా రాసి, నర్సరీ కాగితం జత చేసి, మా అవ్వ అబద్ధం చెప్పలేదని రాసివ్వమన్నాను. జవాబు లేదు. రెండోది నాలుగు పేజీలు, కారం ఎక్కువ. జవాబు లేదు. మూడోది కార్డు ముక్క: 'అయ్యవారికి నమస్కారం. ఆకాకరకు మగ తీగ కావాలా, వద్దా? ఇట్లు, పెంచలయ్య.' పదహారు రోజుల తరువాత కవరు వచ్చింది. దస్తూరి కొంచెం వణికింది గానీ, గుండ్రతనం పోలేదు. మస్తాన్‌కు చదివి వినిపించాను. ఈసారి మూడుచోట్ల తడబడ్డాను. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను.

"చిరంజీవి పెంచలయ్యకు. నీ మూడు ఉత్తరాలూ అందాయి. మొదటి రెండింటిలో తప్పులు దిద్ది పంపిద్దామని ఎర్రసిరా పెన్ను పట్టుకొని కూర్చున్నాను. దిద్దడానికి ఏమీ దొరకలేదు. శుభలేఖ కోసం వచ్చిన రోజే నిన్ను గుర్తుపట్టాను. పట్టనట్టు ఉండిపోయాను. నేను మీ బడికి వచ్చేనాటికి నాకు తెలిసిన పువ్వు మందారం ఒక్కటే. అంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇప్పుడు అసలు సంగతి. మా మేడ మీద తొట్లలో ఆకాకర పెట్టి మూడేళ్ళయింది. ఏటా పూస్తుంది. పువ్వు కింద పిందె ఉంటుంది, దానికి ముళ్ళు కూడా ఉంటాయి. రెండు రోజుల్లో పచ్చబడి రాలిపోతుంది. గొడ్డు తీగలు, పీకేద్దామని మా కోడలు అంటోంది. పీకనివ్వలేదు. నీ దగ్గర గుడ్డపీలిక కట్టిన దుంప ఉంటే ఒకటి పంపించు. పూశాక ఏ వేళకు ఏమి చేయాలో ఒక కాగితం మీద రాసివ్వు. పుస్తకం మాటలు వద్దు, మీ అవ్వ చెప్పిన మాటల్లోనే రాయి. నెలకోసారి మా రిటైర్డు ఉపాధ్యాయులందరం ఒకచోట చేరతాం. ఆ కాగితం వాళ్ళందరి ముందర నిలబడి నేను చదువుతాను. గట్టిగానే చదువుతాను."